బ్రూక్స్ నది ఒడ్డున నాలుగు రోజులు

మొదటి రోజు

అలాస్కాలోని ఆంకరేజ్‌లో పొద్దున్నే జెట్ విమానం ఎక్కి, గంటకు కాస్త పైగా ప్రయాణించి కింగ్ సాల్మన్‌లో దిగాం. చేప పేరు పెట్టుకున్న ఊరది. ఆంకరేజ్ నుంచి దీనికి రోడ్డు లేదు. రావాలంటే విమానం, లేదా సముద్రం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం ఇక్కడ వైమానిక స్థావరం కట్టింది. ఊరు చాలావరకు ఆ రన్‌వే చుట్టూ పెరిగిందే.

ఇక్కడి నుంచి మేం వెళ్లాల్సిన బ్రూక్స్ లాడ్జికి ముప్ఫై మైళ్లు. నీటి మీద దిగే చిన్న విమానంలో ఇరవై నిమిషాల పని. కానీ నక్నెక్ సరస్సు మీద పొగమంచు కమ్మేసింది. మంచు విడిచేదాకా విమానం లేవదన్నారు. మధ్యాహ్నం రెండింటి దాకా ఒక చెక్క బల్ల మీద కూర్చున్నాం. మా సామానులో ఒక సంచి బరువు ఎక్కువైందని వెనక ఉంచేశారు. వాన కోట్లన్నీ అందులోనే ఉన్నాయి. నాన్నగారికి డెబ్బై రెండేళ్లు, చలికి అలవాటు లేని మనిషి. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన మాత్రం ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, "పడవ రేవులో వరద తగ్గేదాకా కూర్చోలేదా ఏంటమ్మా మనం" అన్నారు.

నాన్నగారు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సియాటిల్‌లో మా ఇంటికి వచ్చిన రెండో వారంలో, జలపాతం మీదికి ఎగిరే సాల్మన్ చేపను ఎలుగుబంటి నోటితో అందుకునే వీడియో ఫోనులో చూశారు. "ఇది నిజంగా ఉందా?" అని అడిగారు. ఉంది. అక్కడ ఉండటానికి ఒకే ఒక్క లాడ్జి ఉంది. అందులో గదులు లాటరీ పద్ధతిలో, ఏడాదికి పైగా ముందే ఇచ్చేస్తారు. ఎవరో మానుకున్న గది ఒకటి మాకు దొరికింది. గదికి మించిన అదృష్టం ఏంటంటే, ఆ లాడ్జి కథ వెతుక్కుంటూ చదవడానికి నాకు నెల రోజుల వ్యవధి దొరికింది.

ఆ కథ మొదలయ్యేది ఒక పైలట్‌తో. రే పీటర్సన్ 1934లో అలాస్కాకి వచ్చాడు. రోడ్లు లేని చోట చిన్న విమానాల్లో మనుషుల్ని, ఉత్తరాల్ని, గనుల సామాన్లని మోసే పని. బెథెల్ కేంద్రంగా సొంత విమాన సర్వీసు పెట్టాడు. గుడ్‌న్యూస్ బే ప్రాంతంలో ప్లాటినం గనులు నడుస్తున్న కాలం. అక్కడికి వెళ్లేవాళ్లకి ఆయన విమానమే దిక్కు. 1947లో అలాంటి చిన్న సర్వీసులు కొన్ని కలిసి నార్తర్న్ కన్సాలిడేటెడ్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. దానికి పెద్ద పీటర్సనే.

విమానం కొన్నవాడికి సీట్లు నిండాలనే దిగులు ఎప్పుడూ ఉంటుంది. కింగ్ సాల్మన్ దాకా మనుషులు వస్తారు సరే, ఎందుకు రావాలి? గనివాళ్లు, చేపల్ని డబ్బాల్లో నింపే క్యానరీల్లో పనిచేసేవాళ్లు ఎన్నాళ్లని వస్తారు? ఈ చుట్టుపక్కల నదుల్లో ఎలాంటి చేపలున్నాయో పీటర్సన్‌కి తెలుసు. యుద్ధకాలంలో స్థావరంలోని సైనికుల విశ్రాంతి కోసం నక్నెక్ నది మీద రెండు క్యాంపులు నడిచాయి కూడా. అందుకే 1950లో ఆయన ఒకేసారి ఐదు చోట్ల గుడారాలు వేయించాడు. బ్రూక్స్, కోవిల్, కులిక్, బాటిల్, నాన్వియానక్. మొదటి రెండూ ప్రభుత్వం కాపాడే కట్మై జాతీయ స్మారక ప్రాంతం లోపల ఉన్నాయి, మిగతా మూడూ అప్పటి సరిహద్దుకి బయట. అన్నిటికీ కలిపి 'యాంగ్లర్స్ పారడైజ్' అని పేరు పెట్టారు, అంటే గాలం వేసేవాళ్ల స్వర్గం. సీటు టికెట్టూ, గుడారంలో మంచమూ, నదిలో చేపా ఒకరి దగ్గరే దొరుకుతాయి. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. వ్యాపారమే, కానీ తన చేతిలో ఉన్న విమానం నుంచి పుట్టిన వ్యాపారం.

రెండున్నరకి మంచు విడిచింది. ఆరుగురం ఎక్కాం. కింద చెరువులు, బురద నేల, మళ్లీ చెరువులు. సరస్సు నీళ్ల మీద దిగినప్పుడు పడవ రాయికి తగిలినట్టు ఒక్క కుదుపు, అంతే.

ఒడ్డున అడుగు పెట్టగానే ఎవరినీ ఎటూ పోనివ్వరు. ముందు రేంజర్ల, అంటే పార్కు కాపలా ఉద్యోగుల, పాఠం వినాలి. ఎలుగుకి యాభై గజాల దూరం పాటించాలి. పరుగెత్తకూడదు. నడిచేటప్పుడు మాట్లాడుతూ ఉండాలి. తినే వస్తువేదీ బయటికి తీసుకెళ్లకూడదు. మంచినీళ్లు తప్ప చక్కెర కలిపిన పానీయం కూడా సీసాలో ఉండకూడదు. పాఠం అయ్యాక కోటుకి పెట్టుకునే చిన్న బిళ్ల ఇచ్చారు. నాన్నగారు దాన్ని స్వెటర్‌కి గుచ్చుకుని, ఊరికి వెళ్లేదాకా తీయలేదు. సంచి సాయంత్రం విమానంలో వచ్చింది.

గది చిన్నది. ఒకదాని మీద ఒకటి మంచాలు. రాత్రి పదకొండుకి కూడా కిటికీలో వెలుగు ఉంది.

రెండో రోజు

బ్రూక్స్ నది పొడవు ఒకటిన్నర మైలు. అంతే. బ్రూక్స్ సరస్సు నుంచి బయల్దేరి నక్నెక్ సరస్సులో కలిసిపోతుంది. గోదావరి చూసిన కళ్లకి ఇదొక పంట కాలవ. అయినా ఏడాదికి రెండు లక్షల నుంచి నాలుగు లక్షల దాకా సాకై అనే రకం సాల్మన్లు ఈ కాలవలోకి వస్తాయి. మధ్యలో ఆరడుగుల ఎత్తున రాతి గట్టు అడ్డంగా ఉంది. అదే బ్రూక్స్ జలపాతం.

లాడ్జి నుంచి ముందు నది దాటాలి. 2019 దాకా నీటి మీద తేలే వంతెన ఉండేది. ఎలుగు ఆ దారిన వస్తే జనం గంటలకొద్దీ ఆగిపోయేవారు. ఇప్పుడు స్తంభాల మీద ఎత్తుగా కట్టిన వంతెన ఉంది, ఎలుగులు కింద నుంచి పోతాయి. వంతెన దాటాక అడవి దారిలో మైలు నడక. నేను ఇంగ్లీషులో, నాన్నగారు తెలుగులో పైకి మాట్లాడుకుంటూ నడిచాం. "ఎలుగొస్తోంది, జరగండి జరగండి" అని ఆయన దారంతా అంటూనే ఉన్నారు. ఎలుగు రాలేదు గానీ, అది పడుకుని లేచిన గడ్డి కనిపించింది. ఇంకా లేవలేదు ఆ గడ్డి.

జలపాతం దగ్గరి అరుగు మీదికి ఒకసారి నలభై మందికే ప్రవేశం. పేరు రాయించుకుని ముప్పావు గంట ఆగాం.

తర్వాత చూసింది ఎలా చెప్పాలో ఇప్పటికీ కుదరడం లేదు. పదకొండు ఎలుగులు లెక్కపెట్టాను. ఒకటి జలపాతం అంచు మీద నిలబడి, తల వంచి, ఎగిరే చేప కోసం కదలకుండా ఉంది. ఇంకొకటి కింద నురుగులో మెడ దాకా మునిగి కూర్చుంది. రేంజర్లు ఆ చోటుని 'జకూజీ' అంటారు. అక్కడ కూర్చునే హక్కు పెద్ద మగ ఎలుగుదే. అది లేచి వెళ్తే తప్ప మరొకటి రాదు. నోరు తెరిచి అరవడం కూడా లేదు. చూపుతోనే సర్దుకుంటున్నాయి. ఒక ముసలి ఎలుగు అవతలి ఒడ్డు పక్కన కూర్చుని ఎదురుచూస్తోంది. ఇక్కడి ఎలుగులకి నంబర్లుంటాయి. 480 నంబరు ఎలుగుని ఓటిస్ అని పిలిచేవారు. ప్రతి శరదృతువులో కట్మై వాళ్లు జనం చేత ఓట్లు వేయించి, ఏ ఎలుగు బాగా లావెక్కిందో తేల్చే పోటీలో అది నాలుగుసార్లు గెలిచింది. పరుగు లేదు, కొట్లాట లేదు, కూర్చుని పట్టేదట. ఒకసారి కూర్చున్న చోటు నుంచి కదలకుండా నలభై రెండు చేపలు తినిందని రేంజర్ చెప్పారు.

చేపలు దొరికే కాలంలో ఇవి చేపంతా తినవు. మెదడు, చర్మం, గుడ్లు, అంటే కొవ్వున్న భాగాలే తింటాయి. మిగిలింది కొంగల్లా కాచుకున్న సముద్ర పక్షుల పాలు. శీతాకాలంలో నిద్రపోయే ఆరు నెలల్లో ఒంట్లో మూడో వంతు బరువు కరిగిపోతుంది. ఆ లెక్క ఇప్పుడే సరిచేసుకోవాలి.

నేను ఎలుగుల్ని చూస్తుంటే నాన్నగారు చేపల్నే చూస్తున్నారు. పది దూకితే ఎనిమిది వెనక్కి పడుతున్నాయి. పడి, మళ్లీ దూకుతున్నాయి. ఇవి పుట్టింది ఈ నీళ్లలోనే. సరస్సులో ఒకటి రెండేళ్లు పెరిగి, సముద్రంలో రెండు మూడేళ్లు తిరిగి, పుట్టిన నీటి వాసన పట్టుకుని వెనక్కి వస్తాయి. మంచినీళ్లలో అడుగుపెట్టాక తిండి మానేస్తాయి. గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి.

"మన పులస కూడా అంతేనమ్మా," అన్నారు నాన్నగారు. "సముద్రంలో ఉన్నన్నాళ్లూ వలస. ఎర్రనీరు తగలగానే ఎదురీదుకుంటూ వస్తుంది. అప్పుడు పులస. మా గేట్ల కింద వచ్చి ఆగిపోయేవి. పై అధికారులు రాకముందే మా లస్కర్లకి తెలిసిపోయేది." కాసేపాగి, "కానీ అది చచ్చిపోదు. గుడ్లు పెట్టి వెనక్కి పోతుంది. పోనిస్తే," అన్నారు.

జలపాతం పక్కనే ఒడ్డున సిమెంటు కట్టడం ఒకటి పాతబడి ఉంది. రేంజర్‌ని అడిగితే చేపల మెట్లు అన్నారు. 1950 ప్రాంతంలో, సాల్మన్లు ఈ గట్టు ఎక్కలేక అవస్థ పడుతున్నాయని ప్రభుత్వం వాళ్లు కట్టారట. 1970ల్లో మూసేశారు. వేల ఏళ్లుగా ఎక్కుతున్న చేపలకి మెట్లు అక్కర్లేదని తేలింది. నాన్నగారు దాన్ని చాలాసేపు చూశారు. వృత్తి చూపు. "మేం అడ్డం కట్టి కూర్చున్నాం. వీళ్లు అడ్డం లేని చోట మెట్లు కట్టారు. కానీ మూసేశారు చూడు, అది చాలా గొప్ప," అన్నారు. ప్రభుత్వ ఉద్యోగంలో బతుకంతా గడిపిన మనిషి, కట్టినదాన్ని మూయడం ఎంత కష్టమో తెలిసి అన్న మాట అది.

గంట అయిపోయిందని పిలిచారు. మళ్లీ పేరు రాయించుకున్నాం. మూడుసార్లు వెళ్లాం ఆ రోజు.

రాత్రి లాడ్జి హాల్లో, మధ్యన గుండ్రంగా కట్టిన నిప్పుగూడు చుట్టూ జనం కూర్చున్నారు. బట్టలు ఆరబెట్టుకునేవాళ్లు, ఫొటోలు చూసుకునేవాళ్లు. గాలాలు పట్టుకొచ్చినవాళ్లు ఆ హాల్లో నలుగురే కనిపించారు. 1950లో ఈ సమయానికి ఇక్కడున్న ప్రతివాడి చేతిలోనూ గాలపు కర్రే ఉండేది. వాళ్లకి సాల్మన్ కంటే రెయిన్‌బో ట్రౌట్ మీదే మనసు ఎక్కువ. సాల్మన్ గుడ్లు తినడానికి ఆ ట్రౌట్ వెనకే వచ్చి బలుస్తుంది. కాబట్టి అంతా సాల్మన్ చలవే. ఈ క్యాంపుల్ని పీటర్సన్ తరఫున నడిపింది జాన్ వాలట్కా అనే మరో పైలట్. మంచాలు, పొయ్యి, తిండి, పడవలు, అన్నీ విమానాల్లో మోసుకొచ్చి పెట్టాల్సిందే. ఆ పనిని మనసులో ఊహించుకుంటే, ఈ హాలు ఎంత వెచ్చగా ఉన్నా అప్పటి గుడారమే నాకు ఎక్కువ కనిపించింది.

ఆ రోజుల్లో ఇక్కడ ఎలుగులు ఇన్ని ఉండేవి కావు. మిగిలిన తిండీ చెత్తా దగ్గర్లోనే పారేసేవారు, ఎలుగులు ఆ వాసనకి అలవాటుపడ్డాయి. తర్వాత చెత్తకుప్పలు పోయాయి, నియమాలు వచ్చాయి. ఇప్పుడు కట్మై మొత్తంలో రెండు వేలకి పైగా ఎలుగులున్నాయని అంచనా.

మూడో రోజు

పొద్దున్నంతా వాన. బస్సులో ఇరవై మూడు మైళ్లు వెళ్లి 'పదివేల పొగల లోయ' చూశాం. 1912 జూన్‌లో నోవారుప్తా అగ్నిపర్వతం అరవై గంటల పాటు పేలింది. ఇరవయ్యో శతాబ్దంలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదు. లోయలో కొన్ని చోట్ల ఏడు వందల అడుగుల మందాన బూడిద పడింది. నాలుగేళ్ల తర్వాత రాబర్ట్ గ్రిగ్స్ వచ్చి, నేల నుంచి ఎక్కడ చూసినా లేస్తున్న ఆవిరి చూసి ఆ పేరు పెట్టాడు. 1918లో కట్మైని జాతీయ స్మారకంగా ప్రకటించింది ఆ లోయ కోసమే. ఎలుగుల కోసమూ కాదు, చేపల కోసమూ కాదు. వానలో మాకు బూడిద గోడలు, అడుగున బుసకొడుతున్న నీళ్లు తప్ప కనిపించలేదు. త్వరగా తిరిగొచ్చేశాం.

వచ్చాక లాడ్జికి దగ్గరలోనే ఉన్న పాత ఇంటి గుంట దగ్గరికి వెళ్లాం. నేలని సగం తవ్వి, పైన మట్టి కప్పిన ఇళ్లలో ఇక్కడివాళ్లు బతికేవారు. అలాంటి గుంటలు ఈ నది వెంట వందలున్నాయి. కనీసం నాలుగున్నర వేల ఏళ్లుగా మనుషులు ఇక్కడికి చేపల కోసం వచ్చారని పురావస్తు తవ్వకాల్లో తేలింది. 1912 పేలుడుకి సవనోస్కీ ఊరివాళ్లు ఇళ్లు వదిలి నక్నెక్ నది దిగువకి వెళ్లిపోయి కొత్త సవనోస్కీ కట్టుకున్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ సెప్టెంబరు దాటాక వచ్చి, గుడ్లు పెట్టేసి ఎర్రబారిన సాల్మన్లని పట్టుకుని ఎండబెట్టుకుంటారు. ఆ హక్కుని చట్టంలో రాయించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. లాడ్జికి స్థాపకుడు పీటర్సన్. నదికి కాదు. ఈ గుంట పక్కన నిలబడే దాకా ఆ తేడా నాకు ఇంతలా తగల్లేదు.

మధ్యాహ్నం వాన తెరపిచ్చింది. నేను గాలం వేయడానికి గైడ్‌తో వెళ్లాను. బ్రూక్స్ నదిలో ఫ్లై ఫిషింగ్ ఒక్కటే ఒప్పుకుంటారు. ఈకలు, దారాలు చుట్టి పురుగులా చేసిన ఎర తప్ప బతికిన ఎర పనికిరాదు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు బట్ట వేసుకుని నీళ్లలో నిలబడ్డాం. ఒకరు గాలం వేస్తే మరొకరు చుట్టూ చూస్తూ ఉండాలి. నది మలుపులో గడ్డి ఎత్తుగా ఉంది.

నలభై నిమిషాల తర్వాత లాగింది. కర్ర సగానికి వంగింది. సాకై. వెండి రంగు ఇంకా పోలేదు. అది నీళ్లపైకి ఎగిరి పడిన చప్పుడు నాకంటే ముందు ఇంకెవరికో వినిపించింది. గైడ్ నెమ్మదిగా, "దారం తెంపేయండి" అన్నారు. గడ్డిలోంచి తల్లి ఎలుగు, దాని వెనక ఒక పిల్ల. ఎగిరి కొట్టుకునే చేప చప్పుడంటే ఎలుగుకి భోజనం పిలుపు. గాలానికి తగిలిన చేపని ఎలుగు తినడం నేర్చుకుందంటే, ఇక అది మనుషుల్ని వదలదు. అందుకే నియమం: ఎలుగు వస్తే చేపని వదులుకోవాలి. నేను దారం తెంపేశాను. చేతులు వణుకుతున్నాయి. వెనక్కి వెనక్కి నడిచి ఒడ్డెక్కాం. తల్లి ఎలుగు మేం నిలబడిన చోటే నీళ్లలోకి దిగింది.

వంతెన మీద నుంచి నాన్నగారు అంతా చూశారు. దగ్గరికి వచ్చాక, "మంచి పని చేశావమ్మాయ్" అన్నారు. చేప పోయినందుకు బాధ లేదా అని అడిగితే, "అది వాళ్ల భోజనం కదా" అన్నారు. పులస కోసం పుస్తెలమ్మే ఊళ్లో పుట్టిన మనిషి నోట ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి.

రాత్రి ఆ సంగతే ఆలోచిస్తూ పడుకున్నాను. గాలం వేసేవాళ్ల స్వర్గం అని పేరు పెట్టిన చోట, ఇవాళ గాలం వేసేవాళ్లు ఎలుగుకి దారి ఇచ్చి పక్కకి జరుగుతున్నారు. పీటర్సన్ గుడారాలు వేయకపోతే ఇక్కడికి జనం ఇంత త్వరగా వచ్చేవారు కాదు. జనం రాకపోతే ఈ నియమాల అవసరమే ఉండేది కాదు. జనం వచ్చి, చూసి, ప్రేమించకపోతే కట్మై ఎలుగుల పేర్లు ఇవాళ ఇంతమంది నోట పలికేవి కావు. ఈ మూడూ నిజమే.

నాలుగో రోజు

పెట్టెలు సర్దుకుంటూ లాడ్జి మిగతా కథ నాన్నగారికి చెప్పాను. 1968లో పీటర్సన్ కంపెనీ వీన్ అనే మరో విమాన కంపెనీతో కలిసి వీన్ కన్సాలిడేటెడ్ అయింది. పెద్ద జెట్ విమానాల ఎయిర్‌లైన్‌కి అడవిలో లాడ్జీలు చిన్న వ్యవహారం. పీటర్సన్ మాత్రం వాటిని వదల్లేదు. తర్వాత వాటిని తిరిగి తన కుటుంబం చేతిలోకి తెచ్చుకున్నాడు, కొడుకు సన్నీ పీటర్సన్ నడిపాడు. 1980లో కట్మై జాతీయ ఉద్యానవనం అయింది. ఆయన 1950లో వేసిన ఐదు క్యాంపుల్లో బ్రూక్స్, కులిక్, గ్రోవెనర్‌గా పేరు మారిన కోవిల్, ఈ మూడూ లాడ్జీలుగా నిలిచాయి. ఈ లాడ్జీల వ్యాపారం ఇప్పుడు బ్రిస్టల్ బే నేటివ్ కార్పొరేషన్‌ది, అంటే ఈ ప్రాంతపు మూలవాసుల సంస్థది.

"ఆఖరికి ఆ ఇళ్ల గుంటల వాళ్ల దగ్గరికే చేరిందన్నమాట," అన్నారు నాన్నగారు.

పదింటికి ఒడ్డుకి వెళ్లాం. విమానం నీళ్ల మీద సిద్ధంగా ఉంది. పైలట్ తాడు విప్పబోతుండగా ఒక రేంజర్ చెయ్యెత్తి ఆపారు. ఒక కుర్ర ఎలుగు ఒడ్డు వెంట మా వైపే వస్తోంది. అందరం వెనక్కి జరిగి లాడ్జి గోడ పక్కన నిలబడ్డాం. కింగ్ సాల్మన్‌లో పన్నెండింటి జెట్ అందుకోవాల్సినవాళ్లు ఉన్నారు మాతో. ఎవరూ గడియారం చూసుకోలేదు.

నక్నెక్ సరస్సు ఒడ్డు నిండా 1912 నాటి ప్యూమిస్ రాళ్లు. నీళ్ల మీద తేలేంత తేలిక. ఆగి ఉన్నంతసేపు నాన్నగారు ఒక రాయిని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నారు. ఇక్కడి నుంచి ఏదీ తీసుకెళ్లకూడదని ఆయనకి తెలుసు. ఎలుగు విమానం తేలే తొట్టెని ఒకసారి వాసన చూసి, నీళ్లలోకి దిగి, నది నోటి వైపు ఈదుకుంటూ వెళ్లిపోయింది. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. రేంజర్ చెయ్యి దించారు.

నాన్నగారు వంగి ఆ రాయిని నీళ్ల మీద పెట్టారు. అది మునగలేదు. ఆయన విమానం ఎక్కి కిటికీలోంచి దాన్నే చూస్తున్నారు, ఇంజన్ మొదలయ్యేదాకా.